ఫోను ఎవరి చేతిలో ఉండాలి?

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మమ్మల్ని చదువు గురించి మాట్లాడమన్నారు. ఉర్దూ మీడియం పంతులుకు ఇంకేం అప్పగిస్తారు! ప్రతి ఏడూ మేము చదువు గురించే చెబుతున్నాం, ప్రతి ఏడూ మీరు ఓపిగ్గా వింటున్నారు. ఈసారి కార్యదర్శిగారి అనుమతితోనే కొంచెం పక్కదారి తొక్కుతున్నాం. చూపు లేనివారికి, చూపు తక్కువైనవారికి స్మార్ట్‌ఫోను, టాబ్లెట్టు ఏ మేరకు ఉపయోగపడతాయి, ఆ ఉపయోగం మన ఇళ్లలో ఎందుకు కనబడటం లేదు అనేది మీ ముందు పెడతాం. ఇదీ చదువు సంగతే.

2011 జనాభా లెక్కల్లో మన దేశంలో చూపు వైకల్యం గలవారు 50 లక్షల పైచిలుకు అని తేలింది. అంత పెద్ద లెక్క మనకెందుకు గాని, మన వీధుల్నే తీసుకోండి. పుట్టుకతో చూపు లేనివారు కొందరు. షుగరు వల్ల రెటీనా దెబ్బతిని మధ్యవయసులో చూపు పోగొట్టుకున్నవారు కొందరు. ఇక ముసలివారిలో శుక్లాలున్నవారు ఉండనే ఉన్నారు. వీరికి ముందు కావలసింది ఫోను కాదు, ఆపరేషను. "వయసు మీదపడింది, ఇక చూసేదేముంది" అని ఇంట్లో కూర్చోబెట్టడం అన్యాయం. ఇవాళ మేము మాట్లాడేది డాక్టరు చేయగలిగినదంతా చేసిన తరువాత కూడా చూపు రానివారి గురించి.

ఒక సంగతి చెబితే మీకు నవ్వు వస్తుంది. మా సహోపాధ్యాయుడొకరి ఫోను ఒకరోజు ఉన్నట్టుండి మాట్లాడటం మొదలుపెట్టింది. ఎక్కడ వేలు పెడితే అక్కడున్న అక్షరాలు చదివేస్తుంది. ఒకసారి నొక్కితే ఏదీ తెరుచుకోదు. పైకి జరుపుదామంటే జరగదు. ఫోనుకు దెయ్యం పట్టిందని ఇంట్లో ఒకరు, వైరస్ వచ్చిందని ఇంకొకరు. చివరికి రిపేరు షాపుకు తీసుకుపోతే ఆ కుర్రవాడు లోపలికి తీసుకెళ్లి, అర నిమిషంలో తెచ్చి ఇచ్చి, వంద రూపాయలు పుచ్చుకున్నాడు. రిపేరు ఏమీ లేదు. ఆ ఫోనులో 'టాక్‌బ్యాక్' అనే ఏర్పాటు పొరపాటున ఆన్ అయింది, అంతే. మన కుర్రవాళ్లు తెగులనుకున్న ఆ వస్తువే చూపు లేనివారికి కన్ను. అది ఇక్కడ కూర్చున్న దాదాపు ప్రతివారి జేబులోనూ ఉంది. పైసా ఖర్చు లేదు. సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ అన్నచోటికి వెళితే కనబడుతుంది. ఐఫోనులో దానినే 'వాయిస్‌ఓవర్' అంటారు.

అది పనిచేసే తీరు చాలా తేలిక. తెరమీద వేలు పెట్టి మెల్లగా రాస్తూ పోతే వేలికింద ఉన్నదేమిటో ఫోను పైకి చదువుతుంది. కావలసినది వినబడగానే వేలు తీసి, తెరమీద ఎక్కడైనా సరే రెండుసార్లు చకచకా తట్టితే అది తెరుచుకుంటుంది. ఒక వేలితో కుడివైపుకు విదిలిస్తే తరువాతి అంశం, ఎడమవైపుకు విదిలిస్తే వెనకటిది. పేజీ జరపడానికి రెండు వేళ్లు కావాలి. ఇంతే మొదటి పాఠం. చూపున్నవారు దీనిని నేర్చుకోలేక విసుక్కుంటారు, ఎందుకంటే కన్ను ముందుకు పరుగెత్తుతుంది, వేలు వెనకబడుతుంది. చూపు లేనివారికి ఆ తొందర లేదు. వారంరోజులు ఓపిక పడితే ఫోను వేగం పెంచుకుని వింటారు. అలవాటైనవారు వినే వేగానికి మనకు ఒక్క ముక్క అర్థం కాదు, టేపురికార్డరు గిర్రున తిప్పినట్టుంటుంది.

ఇది ఎక్కడనుంచి వచ్చిందో కూడా కించిత్తు చెప్పాలి. ఒకప్పుడు కంప్యూటరు తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేరు కొనాలంటే పదుల వేల రూపాయలు కావలసివచ్చేది. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు చూపులేని యువకులు 'ఎన్‌వీడీఏ' అనేదాన్ని మొదలుపెట్టి కంప్యూటర్లకు ఉచితంగా ఇచ్చారు. 2009లో ఐఫోనులో వాయిస్‌ఓవర్ వచ్చింది. బటన్లు లేని అద్దం పలకను చూపు లేనివారు ఎలా వాడతారని అప్పటిదాకా అందరి అనుమానం. ఆ ఏడాదే ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ వచ్చింది. గూగుల్‌లో ఆ ప్రయత్నాలు చేసినవారిలో టి.వి. రామన్ అనే భారతీయుడున్నారు. గ్లాకోమా వల్ల 14వ ఏట చూపు పోయిన మనిషి ఆయన. తమ అవసరం తామే ఎరిగిన చూపులేనివారు పూనుకుని చేశారు గనకనే ఇవి నిలబడ్డాయి. మైక్రోసాఫ్ట్‌లో 'సీయింగ్ ఏఐ' అనే యాప్‌ను రూపొందించిన బృందానికి నాయకుడు సాకిబ్ షేక్. ఆయనకు ఏడేళ్ల వయసులో చూపు పోయింది. 2017లో ఐఫోనుకు, 2023లో ఆండ్రాయిడ్‌కు ఆ యాప్ వచ్చింది. కెమెరా ముందు కాగితం పెడితే చదువుతుంది, ఎదురుగా ఏముందో చెబుతుంది.

మన రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న 'మణి' అనే యాప్ విడుదల చేసింది. 2016 నవంబరు నోట్ల రద్దు తరువాత వచ్చిన కొత్త నోట్లు చిన్నవై, ఒకదానికొకటి దగ్గర కొలతల్లో ఉండి, వేళ్లతో కొలుచుకుని నోటు పోల్చుకునేవారిని చాలా తికమక పెట్టాయి. మణి యాప్ తెరిచి నోటును కెమెరా ముందు పెడితే ఎన్ని రూపాయల నోటో పలుకుతుంది. ఇంటర్నెట్ అక్కరలేదు. మొదట హిందీ, ఇంగ్లీషుల్లోనే పలికేది, తరువాత తెలుగు, ఉర్దూతో సహా ఇంకా పదకొండు భాషలు చేర్చారు. ఒక్కటి గుర్తుంచుకోవాలి: అది నోటు విలువ చెబుతుంది గాని, అసలుదో నకిలీదో చెప్పదు.

డెన్మార్కులో 2015లో మొదలైన 'బీ మై ఐస్' అనేది ఇంకో రకం. చూపులేని మనిషి మీట నొక్కితే ఎక్కడో ఉన్న వాలంటీరు ఒకరు వీడియోలో చూసి "ఈ డబ్బాలోది పంచదార కాదమ్మా, ఉప్పు" అని చెబుతారు. 2023 నుంచి అందులో మనిషికి బదులు కృత్రిమ మేధ చేత చెప్పించుకునే వీలు కూడా కలిగింది. మనవాళ్లు ఇలాంటివాటిని చూసి ఆశ్చర్యపోయి, ఆ ఆశ్చర్యంలోనే అన్నీ నమ్మేస్తారు. అదొద్దు. యంత్రం తప్పు చదువుతుంది, తప్పని ఒప్పుకోకుండా ధీమాగా చదువుతుంది. మందుబిళ్లల పేరు, గడువు తేదీ విషయంలో దానిమాట ఒక్కదాన్నే నమ్మరాదు. బ్యాంకు కార్డు, ఆధారు తెలియనివారి కెమెరాకు చూపరాదు. ఫోను పట్టుకున్నాం గదా అని తెల్లకర్ర వదలరాదు. రోడ్డు పేరు ఫోనుకు తెలుసు, నిన్న రాత్రి మున్సిపాలిటీవారు మూత తీసి వదిలేసిన కాలువ దానికి తెలియదు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాం. పెద్దలు కోపగించుకోవద్దు.

మా పేటలో ఒక చాచా ఉన్నారు. షుగరు వల్ల చూపు పోయి ఎనిమిదేళ్లు. ఇంట్లో ఆయనకు ఏ లోటూ లేదు. వేళకు అన్నం, వేళకు ఇన్సులిన్, పక్కన కూర్చుని పేపరు చదివి వినిపించే మనవరాలు. కాని ఆయన బ్యాంకు ఖాతా నంబరుకు కట్టిన ఫోను మేనల్లుడిది. ఓటీపీ వచ్చేది మేనల్లుడికి, బ్యాలెన్సు తెలిసేది మేనల్లుడికి, ఏటీఎం పిన్ను తెలిసింది మేనల్లుడికి. ఆ కుర్రవాడు బంగారంలాంటివాడు, ఆ మాట ఈ సభలో చెబుతున్నాం. అయినా చాచా తన డబ్బెంతుందో తెలుసుకోవాలంటే మేనల్లుడికి ఎప్పుడు తీరిక ఉంటుందో కనిపెట్టి అడగాలి. రెండోసారి అడిగితే అనుమానపడినట్టవుతుందని అడగరు. ముప్పయి ఏళ్లు మిల్లులో లెక్కలు రాసిన మనిషి!

ఒక సెలవుల్లో మేమూ, ఇంకో మాస్టరూ కలిసి ఆయనకు ఒక పాత ఫోను ఇచ్చి టాక్‌బ్యాక్ నేర్పాం. మొదటి మూడు రోజులు తిట్టారు. నాలుగోరోజు ఇయర్‌ఫోను ఒక చెవిలో పెట్టుకుని తనే కొడుకుకు ఫోను చేసుకున్నారు. నంబరు బ్యాంకులో మార్పించుకున్న తరువాత, ఒకరోజు ఖాతానుంచి డబ్బు తీసినట్టు మెసేజి విన్నారు. ఆయనకు తెలియని మొత్తం. మేనల్లుడు కూతురి స్కూలు ఫీజు కట్టి, సాయంత్రం చెబుదామనుకున్నాడట. పెద్ద గొడవేమీ జరగలేదు. చాచా అన్నది ఒకటే: "లే బేటా, లేకిన్ పూఛ్ కే లే." తీసుకో నాయనా, కాని అడిగి తీసుకో. ఎనిమిదేళ్లుగా ఆ మాట అనే అవకాశమే ఆయనకు లేదు.

ఇంకొక సంగతి మా బడిదే. పుట్టుకతో చూపు బాగా తక్కువైన అమ్మాయి. మొదటి బెంచీలో కూర్చున్నా నల్లబల్ల మీద తెల్ల గీతలు తప్ప ఏమీ తెలియదు. పక్కపిల్ల నోటుపుస్తకం చూసి, ముక్కుకు ఆనించుకుని రాసుకునేది. మధ్యాహ్నానికి తలనొప్పి. హెడ్‌మాస్టరుగారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని ఒక టాబ్లెట్టు తరగతిలో పెట్టుకోనిచ్చాం. అది నల్లబల్లను ఫోటో తీసుకుంటుంది, రెండు వేళ్లతో అక్షరాన్ని అరచేయంత చేసుకుంటుంది. కొన్నిసార్లు రంగులు తలకిందులు చేసి నల్లమీద తెలుపుగా చదువుకుంటుంది. ఫోనుకంటే టాబ్లెట్టు ఇందుకు మేలు, అక్షరం పెద్దదైనా వరస తెగదు. పరీక్షలో ఎన్ని మార్కులొచ్చాయని అడక్కండి, అది వేరే సంగతి. తలనొప్పి తగ్గింది, తన నోట్సు తనే రాసుకుంటోంది.

కాని ఇంటికి వెళ్లగానే ఆ టాబ్లెట్టు బీరువాలోకి వెళుతుంది. "ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకు మాస్టర్, చెడిపోతుంది" అని తండ్రి మాట. టాబ్లెట్టు చెడిపోతుందనా, పిల్ల చెడిపోతుందనా అని మేము అడగలేదు, అర్థమైంది. దానికి సిమ్ము లేదని చెప్పాం. ఏయే యాప్‌లుండాలో తల్లిదండ్రులే నిర్ణయించే వీలుందని చూపించాం. అదే ఇంట్లో పద్నాలుగేళ్ల తమ్ముడు అర్ధరాత్రి దాకా ఫోనులో ఆట ఆడుతున్నాడు. వాడి గురించి ఎవరికీ బెంగలేదు. సాయంత్రంపూట అమ్మాయి హోంవర్కు ఆ తమ్ముడే ఆటకూ ఆటకూ మధ్య చదివి పెడతాడట, వాడికి తోచినంత. కళ్లజోడు పెట్టుకున్న ఆడపిల్ల దగ్గర రాత్రికి కళ్లజోడు లాక్కుని బీరువాలో పెట్టే ఇల్లు ఈ ఊళ్లో ఏదైనా ఉందా? ఆ తండ్రిగారు ఈ సభలో లేరు, ఉన్నా ఇదే అనేవాళ్లం.

ఇంట్లో చూపులేనివారు ఉంటే "మేమున్నాంగా, వారికి ఫోను దేనికి" అని ప్రేమతోనే అంటాం. ఆ ప్రేమలో వారి ఉత్తరం మనం చదువుతాం, వారి డబ్బు మనం లెక్కపెడతాం, వారి స్నేహితుడితో మాట మన ఎదుటనే జరుగుతుంది. ఫోను వారి చేతికి ఇవ్వాలి, దాని తాళం కూడా వారికే ఉండాలి. తెరను పూర్తిగా చీకటి చేసి మాటమాత్రం వినిపించే వీలు ఈ ఫోనుల్లో ఉంది. పక్కవాడు తొంగిచూసినా ఏమీ కనబడదు. చూపులేనివారికి కూడా రహస్యం ఉంటుందని ఆ యంత్రం తయారుచేసినవారికి తట్టింది.

భాష సంగతి ఒకటుంది. మన ఇళ్లలో మాట్లాడేది ఉర్దూ, బయట తెలుగు, వాట్సాప్‌లో రాసేది ఇంగ్లీషు అక్షరాల్లో ఉర్దూ. ఈ మూడోదాన్ని ఫోను ఇంగ్లీషు గొంతుతో చదివితే మన నానీ అమ్మలకు అర్థం కాదు సరిగదా, భయం వేస్తుంది. తెలుగు లిపిని ఫోను చాలావరకు చక్కగా చదువుతుంది. ఉర్దూ గొంతు కూడా ఉంది, విడిగా దించుకోవాలి, కాని లిపిలోనే ఒక చిక్కుంది. జేర్, జబర్, పేష్ మనం రాయం. అలిఫ్, సీన్ రెండక్షరాలు రాసి వదిలేస్తే అది 'ఇస్' అనా, 'ఉస్' అనా? మనకు వాక్యం చూస్తే తెలుస్తుంది, యంత్రం ఊహిస్తుంది, ఒక్కోసారి పొరబడుతుంది. అయినా పనికిమాలినదేమీ కాదు, వినగా వినగా చెవి సర్దుకుంటుంది.

అంతకంటే పెద్ద అడ్డంకి మనం సృష్టించుకున్నదే. గ్రూపుల్లో వచ్చే నోటీసులు చూడండి. జల్సా అని, స్కాలర్‌షిప్ అని, కంటి శిబిరం అని పూలు, తోరణాలు వేసిన రంగుల బొమ్మ ఒకటి పంపుతారు. చూపులేనివాడి ఫోను దాన్ని "ఫోటో" అని ఒక్కమాట చదివి ఊరుకుంటుంది. కంటి శిబిరం నోటీసే కంటికి తప్ప అందదు! బొమ్మలో అక్షరాలను చదివే యాప్‌లు తెలుగు అచ్చును కొంత పట్టుకుంటాయి గాని, నస్తాలీఖ్ రాత వాటికి కొరకరాని కొయ్య. డీటీపీ సెంటర్లలో పాత ఇన్‌పేజ్ ఉర్దూ ఫైళ్లు, అను ఫాంట్ల తెలుగు ఫైళ్లు యూనికోడ్ కావు. వాటినుంచి అక్షరాలు తీస్తే ఫోను చదివేది గందరగోళం. కనుక బొమ్మ పంపేవారు పంపండి, దానికిందే అదే విషయం మామూలు అక్షరాల్లో నాలుగు పంక్తులు టైపు చేయండి. అంతకంటే పెద్ద సేవ అవసరం లేదు. ఈ సావనీరు పాఠం కూడా యూనికోడ్‌లో ఒక ప్రతి విడిగా ఉంచమని సంపాదకవర్గాన్ని కోరాం, సరేనన్నారు.

పంతుళ్లం గనక ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఫోను చదివి వినిపిస్తుంది గదా, ఇక పిల్లలకు బ్రెయిలీ ఎందుకు అనే మాట ఈమధ్య వినబడుతోంది. మేము ఒప్పుకోం. సాబిత్, సాత్, సాఫ్ ఈ మూడు మాటలూ చెవికి 'స'తోనే మొదలవుతాయి. రాతలో ఒకటి సే, ఒకటి సీన్, ఒకటి స్వాద్. 'జ' అని వినబడేవి జాల్, జే, జ్వాద్, జోయ్ నాలుగు. చెవితో మాత్రమే నేర్చిన పిల్లవాడికి ఈ తేడా ఎలా తెలుస్తుంది? అక్షరం వేలికి తగలాలి. 1824లో పదిహేనేళ్ల కుర్రవాడు లూయీ బ్రెయిలీ తయారుచేసిన ఆరుచుక్కల పద్ధతిలోనే ఉర్దూ కూడా రాస్తారు. విచిత్రమేమంటే కుడినుంచి ఎడమకు నడిచే మన లిపి బ్రెయిలీలో ఎడమనుంచి కుడికి నడుస్తుంది. ఫోనుకూ బ్రెయిలీకీ వైరం కూడా లేదు. తెరమీద ఆరు వేళ్లతో చుక్కలు నొక్కి రాసే బ్రెయిలీ కీబోర్డు 2020లో టాక్‌బ్యాక్‌లో చేరింది. పెద్దవయసులో చూపు పోయినవారికి మాత్రం ఫోనే ముందు, బ్రెయిలీ వారి ఇష్టం.

హక్కుల సంగతి త్వరగా చెప్పి ముగిస్తాం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. పుస్తకాలను చూపులేనివారు చదువుకోగల రూపంలోకి మార్చడానికి 2012లోనే మన కాపీరైటు చట్టాన్ని సవరించారు. ఈ విషయమై 2013లో మరాకేష్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకంటే ముందు ధ్రువీకరించింది మన దేశమే. 2016లో మొదలైన 'సుగమ్య పుస్తకాలయ' అనే ఇంటర్నెట్ గ్రంథాలయంలో చూపులేనివారు సభ్యులై ఫోనులోనే పుస్తకాలు వినవచ్చు. బ్యాంకు కేవైసీలో కెమెరాముందు కళ్లు ఆర్పమని అడిగే పద్ధతి ఉంది గదా, యాసిడ్ దాడికి గురైనవారు, చూపులేనివారు దానిమీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 ఏప్రిల్ 30న కోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పి, కేవైసీని అందరికీ వీలయ్యేలా మార్చమని ఆదేశాలిచ్చింది. బ్యాంకు కౌంటరులో ఎవరైనా "మీవాళ్లనెవరినైనా తీసుకురండి" అంటే ఈ తీర్పు పేరు చెప్పండి, గట్టిగానే చెప్పండి.

కేంద్రప్రభుత్వ ఆడిప్ పథకం కింద ఆదాయ పరిమితికి లోబడి చూపులేనివారికి స్మార్ట్‌ఫోనులు కూడా ఇస్తారు. అందుకు యూడీఐడీ కార్డు ముందు చేయించుకోవాలి. హైదరాబాదులో 1987లో నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్యశాలలో చికిత్సతో బాగుకాని చూపు గలవారికి పునరావాస శిక్షణ ఉంది. బేగంపేటలో 1991 నుంచి దేవనార్ అంధుల పాఠశాల నడుస్తోంది. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన చూపులేని శ్రీకాంత్ బొల్లా ఇంటర్మీడియటులో సైన్సు చదవడానికే పోరాడవలసివచ్చింది. తరువాత అమెరికాలో ఎంఐటీలో చదివివచ్చి హైదరాబాదులో ఫ్యాక్టరీ పెట్టారు. ఆయన కథ సినిమాగా కూడా వచ్చింది. అందరూ శ్రీకాంత్‌లు కానక్కరలేదు. తన బ్యాలెన్సు తాను చూసుకుంటే చాలు.

వచ్చే ఆదివారం నుంచి నాలుగు ఆదివారాలు, ఉదయం పదింటినుంచి పన్నెండింటిదాకా, సొసైటీ ఆఫీసు కింది గదిలో మేమూ, ఇంకో ఇద్దరు మాస్టర్లూ ఉంటాం. మాతోపాటు చాచా కూడా కూర్చుంటారు, మొదటి పాఠం ఆయనే చెబుతానన్నారు. కొత్త ఫోను కొననక్కరలేదు, తెర పగిలినదైనా మాట వినబడితే చాలు. ఒక ఇయర్‌ఫోను తెచ్చుకోండి. ఆడవారికి నేర్పడానికి మా బడి టీచరమ్మగారు వస్తారు. ఒకటే షరతు. ఫోను తెచ్చి "మీరు ఆన్ చేసి ఇవ్వండి, ఇంటికి పోయి మేము చూపిస్తాం" అనకండి. ఆ మనిషిని తీసుకురండి.